పూల గురించి మీరు అడిగినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పూల గురించే ఉన్నాయి. బతుకమ్మ దగ్గర పడుతోంది, ఆ వెంటనే దసరా, దీపావళి, తర్వాత పెళ్లిళ్లు. ఏ పూలు కొనాలి, మందు కొట్టనివి ఎలా తెలుస్తాయి అని అడిగారు. అందుకే ఈ సంచిక శీర్షిక మొత్తం పూలకే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి పెళ్లి మాఘమాసంలో పెట్టుకున్నాం. మండపానికి, స్టేజీకి సేంద్రియ పూలే వాడాలని తను పట్టుబట్టింది. డెకరేషన్ వాళ్లేమో జెర్బెరా, కార్నేషన్, ఆర్కిడ్ అని ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నారు, సేంద్రియం సంగతి మాకు తెలియదంటున్నారు. ఇక్కడ అలాంటి పూలు దొరుకుతాయా? ఏ ముద్ర చూసి కొనాలి?
— ఒక తల్లి, హన్మకొండ

ముందు ముద్ర సంగతి చెప్పేస్తాను, దాని కోసం మీరు ఊరంతా తిరిగి అలసిపోకూడదు. మన దేశంలో సేంద్రియ ధ్రువీకరణకు రెండు దారులున్నాయి. ఒకటి కేంద్ర వాణిజ్య శాఖ కింద వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా చూసే ఎన్‌పీఓపీ, అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, 2001లో మొదలైంది, 'ఇండియా ఆర్గానిక్' ముద్ర దానిదే. రెండోది వ్యవసాయ శాఖ నడిపే పీజీఎస్ ఇండియా, అంటే చుట్టుపక్కల రైతులు కలిసి గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు చూసుకుని ధ్రువీకరించుకునే పద్ధతి. పూల రైతులు కూడా వీటిలో చేరొచ్చు. కానీ చౌరస్తాలో కిలో లెక్కన, మూర లెక్కన అమ్మే పూల మీద ఈ ముద్రలు నేనైతే చూడలేదు. పప్పు ప్యాకెట్ల మీద కనిపించే 'జైవిక్ భారత్' ముద్ర తినే సరుకులది, దానికీ పూలకీ సంబంధం లేదు. అందుకని ఎవరైనా బొకే మీద 'ఆర్గానిక్' అని స్టిక్కర్ అతికించి రెట్టింపు ధర చెప్తే ధ్రువీకరణ పత్రం చూపించమని అడగండి, చూపించకపోతే ఆ ధర ఇవ్వకండి.

మీ అమ్మాయి ఆలోచన మాత్రం చాలా సరైనది. వంకాయ మీద, ఎండుమిర్చి మీద మందు ఎంతవరకు మిగలొచ్చో ప్రభుత్వం హద్దు పెట్టింది, ఎందుకంటే అవి కడుపులోకి పోతాయి. అలంకరణ పూలను ఎవరూ తినరు కనుక వాటికి ఆ హద్దు లేదు. పైగా రేక మీద చిన్న మచ్చ కనిపించినా ధర పడిపోతుంది, ఆ భయంతో రైతు ఇంకో రెండుసార్లు కొడతాడు. బెల్జియంలో పూల దుకాణాల నుంచి 90 కట్టలు తెచ్చి పరీక్షించిన ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. గులాబీ, జెర్బెరా, చామంతి కట్టలవి. వాటి మీద మొత్తం 107 రకాల మందుల అవశేషాలు దొరికాయి. అది అక్కడి లెక్క, ఇక్కడి పూలకు అదే అంకె వేయలేం, కానీ ఏ పూలు పరీక్షించారో చూడండి, వాటిలో జెర్బెరా మీ డెకరేషన్ వాళ్లు చూపిస్తున్న జాబితాలో ఉన్నదే.

కాబట్టి నా సలహా, ముద్ర వెతకడం మానేసి, ఆ నెలలో మన చుట్టూ ఏం పూస్తుందో దానితో మండపం కట్టించండి. మాఘమాసమంటే బంతి ఉంటుంది, చామంతి చివరి కోతలు ఉంటాయి, నాటు గులాబీ బాగా పూస్తుంది, కాస్త ఆలస్యమైతే మోదుగ కూడా మొదలవుతుంది. పచ్చదనానికి మామిడాకు, కొబ్బరి మట్ట, ఈత మట్ట, అరటి గెలలు, జొన్న కంకులు. ఇవన్నీ మన చెలకల నుంచి, తోటల నుంచి వచ్చేవే. కార్నేషన్‌కు చల్లటి వాతావరణం కావాలి, ఊటీ, కొడైకెనాల్ వైపు నుంచి రావాలి. ఆర్కిడ్లు చాలావరకు థాయ్‌లాండ్ నుంచి విమానంలో దిగుతాయి. రెండూ అందమైనవే, కాదనను, కానీ ఒక్క పూట ఫొటోలకు అంత దూరం నుంచి ఐస్ పెట్టెల్లో తెప్పించాలా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇప్పుడు అసలు విషయం. పూల కంటే పూల వెనకాల పెట్టే సామానుతోనే ఎక్కువ నష్టం. స్టేజీ పూలు గుచ్చడానికి వాడే ఆకుపచ్చ స్పాంజి ఇటుకను మీరు చూసే ఉంటారు, వేలితో నొక్కితే పొడి పొడి అవుతుంది. మెత్తగా ఉంటుంది కనుక అది మట్టిలో కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. అది ఫినాల్ ఫార్మాల్డిహైడ్‌తో చేసిన ప్లాస్టిక్. కుళ్లదు, సన్నటి రేణువులై కాలువల్లోకి, చెరువుల్లోకి పోతుంది. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన పూల ప్రదర్శనల్లో దీన్ని నిషేధించింది. అంత పెద్ద ప్రదర్శనలే అది లేకుండా నడుస్తుంటే మన పెళ్లి మండపం నడవదా? అరటి బోదెను అడ్డంగా పెట్టి కాడలు గుచ్చండి, దానిలో నీరుంటుంది కనుక పూలు పూటంతా వాడవు. లేదా వెడల్పాటి కుండల్లో నీళ్లు పోసి, మూతి మీద కోళ్ల గూటికి వాడే ఇనుప జాలీ ముడిచి పెడితే కాడలు నిలబడతాయి, ఆ జాలీ మళ్లీ పది పెళ్లిళ్లకు పనికొస్తుంది. ఇంకో సంగతి, పేర్లు చెక్కే తెల్లటి థర్మోకోల్ ఉంది చూశారూ, అలంకరణకు దాన్ని వాడటం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. డెకరేషన్ వాళ్లు పెడతామంటే ఈ మాట చెప్పండి.

అడ్వాన్సు ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకోండి: స్పాంజి వద్దు, థర్మోకోల్ వద్దు, మెరుపుల స్ప్రే వద్దు, దండలు నైలాన్ దారంతో వద్దు, నూలు దారం గానీ అరటి నార గానీ వాడాలి. పెళ్లయ్యాక పూలు ఎక్కడికి పోతాయో కూడా అప్పుడే అడగాలి. తీగలు, దారాలు తీసేసి ఎవరిదైనా తోటలో ఎరువు గుంతకు పంపిస్తే సరిపోతుంది, రాత్రికి రాత్రి ట్రాలీ తీసుకెళ్లి ఏ కుంటలోనో కుమ్మరించకుండా మీ బంధువుల్లో ఒక కుర్రాడికి ఆ బాధ్యత అప్పగించండి.

ప్రశ్న: మేడం, మాకు రెండెకరాల మిర్చి ఉంది. గట్ల వెంబడి బంతి పెట్టాం, బతుకమ్మకు వరంగల్ తీసుకెళ్లి అమ్ముతాం. బంతికి మేం విడిగా మందేమీ కొట్టం. దాన్ని మందులేని బంతి అని చెప్పి అమ్మవచ్చా? అలా చెప్తే ధర ఎక్కువ వస్తుందని మా బావమరిది అంటున్నాడు.
— ఒక రైతు, నర్సంపేట దగ్గర

అమ్మకండి అన్నా. మీరు అడిగి తెలుసుకుంటున్నారు, అందుకే సూటిగా చెప్తున్నాను. మిర్చి చుట్టూ బంతి ఎందుకు పెడతారో మీకు నాకంటే బాగా తెలుసు, శనగపచ్చ పురుగు ముందు బంతి పూల మీద గుడ్లు పెడుతుందని, అది ఎర పంట అని. అంటే పురుగు అక్కడికే వస్తుంది, మీరు మిర్చికి కొట్టే మందూ గాలికి అక్కడే పడుతుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన వైపు మిర్చి ఎంత దెబ్బతిన్నదో మీరు మరిచిపోయి ఉండరు, ఆ పురుగు పూలలోనే దాక్కుంటుంది. అప్పటి నుంచి మిర్చి మీద ఎన్ని మందులు మారుస్తున్నారో చూస్తూనే ఉన్నాం. ఆ గట్టు మీది బంతిని ఆడబిడ్డలు తలలో పెట్టుకుంటారు, పసిపిల్లలు బతుకమ్మ మీది నుంచి తీసి ఆడుకుంటారు. మందులేదని నమ్మించి అమ్మితే తప్పు.

ధర నిజంగా కావాలంటే దారి ఉంది. మిర్చికి దూరంగా, గాలి మీ మిర్చి వైపు నుంచి వీచని చోట, ఒక పది గుంటలు బంతికే వదలండి. పక్క పొలం వాళ్లు కొట్టినా పడకుండా గట్టు మీద జొన్నగానీ సజ్జగానీ ఒత్తుగా వేయండి. బంతి నాటిన రెండు నెలలకు అటూ ఇటూగా పూతకొస్తుంది కాబట్టి బతుకమ్మ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి నారు పోసుకోవాలి. నాటిన నెల దాటాక తలలు తుంచితే కొమ్మలు ఎక్కువ వస్తాయి. పేనుకు, తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు, తామర పురుగుకు నీలం అట్టలు పెట్టండి. 5 శాతం వేప గింజల కషాయం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పప్పు లెక్కన, సాయంత్రం పూట కొట్టండి. నేలకు పోసే జీవామృతం మీకు తెలిసిందే: 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఒకసారి వెళ్లి మాట్లాడి రండి.

ధ్రువీకరణ కూడా కావాలంటే పీజీఎస్‌లో కనీసం ఐదుగురు రైతులు కలవాలి. ఎన్‌పీఓపీ అయితే బంతి లాంటి ఏడాదిలోపు పంటలకు భూమి సేంద్రియానికి మారడానికి రెండేళ్లు పడుతుంది. ఇది మన దగ్గర జరిగే పనా అని అనిపిస్తే జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని ఏనెబావి వెళ్లి చూడండి, 2006లోనే ఊరంతా ఒక్కమాట మీద నిలబడి రసాయన మందులు, ఎరువులు వాడమని ప్రకటించుకున్న ఊరు అది. అప్పుడు అది మన పాత వరంగల్ జిల్లాలోదే. ఈ ఏడాదికి మాత్రం మీ బంతిని బంతిలాగే అమ్మండి. "ఎక్కడిది?" అని అడిగితే ఊరి పేరు చెప్పండి, "మందు కొట్టారా?" అని అడిగితే ఉన్నది చెప్పండి. నిజం చెప్పే రైతు దగ్గరికి మనుషులు మరుసటి ఏడు వెతుక్కుంటూ వస్తారు.

ప్రశ్న: గునుగు పూలకు రంగులు అద్దుతాం కదా, ఆ రంగులు చెరువులో కలిస్తే నష్టమా? మా అత్తమ్మ రంగులు లేకుంటే బతుకమ్మ కళ రాదంటుంది.
— ఒక కోడలు, కరీంనగర్

ఆ రంగు పొడి ప్యాకెట్ ఒకసారి తిప్పి చూడండి. లోపల ఏముందో రాసి ఉందా? మామూలుగా ఉండదు. బట్టలకు, తోళ్లకు వాడే రసాయన రంగులు కూడా ఇలాగే విడిగా అమ్ముతారు. వాటిని బకెట్లో కలిపి ఒట్టి చేతులతో ముంచి, ఆరబెట్టి, తర్వాత వాడంతా ఒకే సాయంత్రం ఒకే చెరువులో వదిలితే, కలిసేది ఒక్క ఇంటి రంగు కాదు కదా. తంగేడు, గునుగు, గుమ్మడి పువ్వు నీళ్లలో కుళ్లి కలిసిపోతాయి, గుర్తు తెలియని రంగు అలా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మీ అత్తమ్మను నొప్పించకుండా చెప్పాలంటే, రంగు వద్దనకుండా రంగున్న పూలు తెచ్చి బతుకమ్మ పేర్చే శిబ్బి ముందు పెట్టండి. ముదురు ఎరుపుకు పట్టుకుచ్చులు, నారింజకు ముద్దబంతి, పసుపుకు తంగేడు, నీలానికి శంఖుపూలు, గులాబీ రంగుకు గన్నేరు, మధ్యలో వరుసకొకటి తెల్లటి గునుగు. తెలుపు పక్కన ఉంటేనే మిగతా రంగులు పైకి తేలతాయి, కట్టి చూపిస్తే ఆమే ఒప్పుకుంటుంది. ఆమె చిన్నప్పుడు ఏ పూలతో పేర్చేవారో అడగండి, మీకు తెలియని పూల పేర్లు కూడా చెప్తుంది.

గునుగు గురించే ఇంకో మాట, ఇది నాకు మనసులో ఉన్న బాధ. గునుగు మక్కచేన్లలో, జొన్నచేన్లలో దానంతటదే మొలిచే మొక్క, రైతు దృష్టిలో కలుపు. మక్కకు అట్రజిన్ లాంటి కలుపు మందు కొట్టాక వెడల్పాకు మొక్కలు లేవవు, గునుగూ లేవదు. చేను పక్కన దొరికేది ఇప్పుడు కొనుక్కోవాల్సి వస్తోందంటే కారణాల్లో అదొకటి. మీకు ఊళ్లో చెలక ఉంటే ఒక మూల కలుపు మందు కొట్టకుండా వదిలేయమని మీవాళ్లను అడగండి. ఆ మూల గునుగును మొత్తం కోయకుండా నాలుగు మొక్కలు విత్తనానికి ఎండనివ్వండి. తంగేడు కూడా అంతే, పూల రెమ్మలు తెంపుకోండి, కొమ్మలు నరక్కండి, పొద ఉంటే వచ్చే ఏడు మళ్లీ పూస్తుంది. గుట్టల మీద, గట్ల మీద ఎవరూ మందు కొట్టకుండా పెరిగే ఈ పూల కంటే సేంద్రియమైనది ఏ దుకాణంలోనూ దొరకదు.

ప్రశ్న: బెంగళూరు గులాబీల కన్నా దగ్గరి ఊళ్లో పాలీహౌస్‌లో పండించినవి పర్యావరణానికి ఎప్పుడూ మంచివేనా? మా కాలేజీలో దీని మీద వాదన అయింది.
— ఒక విద్యార్థి, కాజీపేట

ఎప్పుడూ మంచివే అని చెప్పలేం. 2007లో బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం ఒక లెక్క కట్టింది. అక్కడి మార్కెట్‌కు 12,000 గులాబీలు రావాలంటే కెన్యా నుంచి విమానంలో తెస్తే దాదాపు 6,000 కిలోల కార్బన్ డయాక్సైడ్, పక్కనే ఉన్న నెదర్లాండ్స్ నుంచి తెస్తే దాదాపు 35,000 కిలోలు. అక్కడి చలిలో గ్రీన్‌హౌస్‌ను వేడి చేయడానికి, దీపాలు వెలిగించడానికి అంత ఇంధనం పోతుంది, కెన్యాలో ఆ పని ఎండ చేసిపెడుతుంది. అలాగని మన దగ్గరికి అదే లెక్క తెచ్చి పెట్టకండి, మనకు వేడి చేయాల్సిన అవసరమే లేదు, ఆరుబయట పండే నాటు గులాబీ ఉంది. హోసూరు, బెంగళూరు వైపు పొడుగు కాడ గులాబీ ఇక్కడికి చేరాలంటే చల్లటి పెట్టె, ప్లాస్టిక్ చుట్ట, మొగ్గకు వేసే వల తొడుగు అన్నీ కావాలి. మన ఆరుబయట గులాబీకి తడి గోనె సంచి చాలు. దూరం ఒక్కటే చూడకుండా, ఆ పువ్వును ఆ కాలంలో, ఆ చోట పూయించడానికి ఏం ఖర్చు చేశారో చూడాలి. మీ వాదనలో ఇద్దరిదీ సగం నిజమే.

ప్రశ్న: మార్కెట్లో కొన్న గులాబీ రేకలతో గుల్కంద్ చేయవచ్చా? బాగా కడుగుతాను.
— ఒక గృహిణి, జగిత్యాల

వద్దమ్మా. కడిగితే పైది కొంత పోతుంది, మొక్క లోపలికి పీల్చుకున్న మందు పోదు. పూల దుకాణం గులాబీ, చామంతి ఏదీ తినడానికి, టీకి వాడొద్దు. కుండీలో రెండు నాటు గులాబీ మొక్కలు పెట్టుకోండి, చలికాలంలో వాటి పూలతోనే చిన్న సీసా నిండుతుంది.

ప్రశ్న: పూలు ఎక్కువ రోజులు ఉండేందుకు పొడి ప్యాకెట్లు అమ్ముతున్నారు. అవి లేకుండా నిలుపుకోవడం ఎలా?
— ఒక ఉద్యోగిని, మంచిర్యాల

పొద్దున్నే కోసినవి కొనండి. కాడ చివర ఏటవాలుగా కోసి వెంటనే నీళ్లలో పెట్టండి, నీటిలో మునిగే ఆకులు తీసేయండి, రోజూ నీళ్లు మార్చండి, గాజు సీసాను లోపల జిగురు పోయేలా తోమండి. పంచదార ఒక్కటే వేస్తే పూల కంటే ముందు బాక్టీరియా బతుకుతుంది, అందుకే వేయకపోవడమే నయం. పండిన అరటి, మామిడి పక్కన పెట్టకండి, వాటి నుంచి వచ్చే వాయువుకు పూలు తొందరగా వాడిపోతాయి.

ప్రశ్న: నేను పూలు అల్లి అమ్ముతాను. చామంతి కాలం వచ్చిందంటే వేళ్లు పగిలి, దురద. మందు కొట్టిన పూల వల్లేనా? కొనేవాళ్లు కూడా మందు కొట్టినవా అని అడుగుతున్నారు, నాకేం తెలుసు, ఏం చెప్పాలి?
— ఒక పూలమ్మ, వరంగల్

అమ్మా, మీ ఉత్తరం చివరికి ఉంచాను, అన్నిటికంటే ఇది ముఖ్యం. మేమంతా ఒక మూర కొని ఇంటికి పోతాం, రోజంతా ఆ పూలల్లో చేతులు పెట్టేది మీరు. మందు అవశేషాలు కారణం కావొచ్చు, కానీ ఒక్కటే కారణం అనుకోకండి. చామంతి కాడలో, ఆకులో ఉండే రసమే కొందరి చర్మానికి పడదు, సేంద్రియంగా పండించినా అంతే. వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లకు చామంతి కూడా పడకపోవడం మామూలే, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. మీకు అలా ఉందా గమనించుకోండి. ఎంజీఎం ఆస్పత్రిలో చర్మ వైద్యులకు చూపించండి, వెళ్లేటప్పుడు నాలుగు చామంతులు, ఆకులతో సహా, కాగితంలో చుట్టి తీసుకెళ్లండి.

అప్పటిదాకా చామంతి విప్పేటప్పుడు, కాడలు తుంచేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, అల్లేటప్పుడు కష్టమైతే కనీసం బొటనవేలికి, చూపుడు వేలికి తొడుగు పెట్టుకోండి. దారం నోటితో తెంపకండి, కత్తెర దగ్గర పెట్టుకోండి. పూల మీద చల్లిన నీళ్లతో చేతులు కడుక్కోవద్దు, తినే ముందు సబ్బుతో కడుక్కోండి. పాలిచ్చే తల్లులు, కడుపుతో ఉన్నవాళ్లు మీ దగ్గర పనిచేస్తుంటే మూటలు విప్పే పని వాళ్లకు చెప్పకండి.

కొనేవాళ్లకు ఏం చెప్పాలంటే, తెల్లవారుజామున మూట దించుకునేటప్పుడు "ఇది ఏ ఊరి పూవు?" అని టోకు వ్యాపారిని అడగడం మొదలుపెట్టండి. మొదట్లో విసుక్కుంటాడు. పదిమంది అడిగితే చెప్తాడు. ఊరి పేరు తెలిస్తే ఒక అట్టముక్క మీద రాసి బుట్ట ముందు పెట్టండి, తెలియకపోతే తెలియదనే చెప్పండి. మందు లేనివని మాత్రం రైతును మీరే ఎరిగి ఉంటే తప్ప అనకండి. ఎవరైనా రైతు మందు లేకుండా పండించి తెస్తే ఆ పూలు వేరే బుట్టలో పెట్టి, కిలోకు కొంచెం ఎక్కువ అడగండి, అందులో రైతుకూ వాటా ఇవ్వండి. అలాగే ప్లాస్టిక్ కవరుకు బదులు మోదుగాకులో, అరటాకులో చుట్టి ఇవ్వండి, పాత గిరాకీలు దానికి సంతోషిస్తారు. కొనేవాళ్లు కూడా బేరమాడే ముందు ఆమె వేళ్ల వైపు ఒకసారి చూడండి.